అడ్డంగా కొలిచేదెవరు?

మొన్న పొద్దున్నే మా మేనమామ ఫోను.

"అల్లుడా, మళ్ల వచ్చిన్రు" అన్నాడు.

"ఎవరు మామా?"

"ఎర్రరంగు డబ్బా, టేపు పట్టుకొని తిరుగుతరు సూడు... వాళ్లే."

అర్థమైంది. మామ వాళ్ల ఊరు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, సూర్యాపేటకు ఇవతల ఉంటుంది. నాలుగు లేన్లుగా ఉన్న ఆ రోడ్డును ఆరు లేన్లు చేస్తారని కొంతకాలంగా వింటున్నదే. కొలతలవాళ్లు వచ్చి మామ ఇంటి గోడ మీద ఎర్రగీత గీసి వెళ్లారట. ఆ ఇంటికి ఇది రెండో గీత. మొదటి గీతకు వరండా, ముందుగది, అరుగు, అరుగు మీద నీడపట్టిన వేపచెట్టు పోయాయి. అప్పట్లో వడ్లబస్తాలు వేసుకునే వెనకగదే ఇప్పుడు చుట్టాలను కూర్చోబెట్టే ముందుగది.

"ఇంకొక్కసారి వెడల్పు చేస్తే, పెరట్ల బాయి వాకిట్లకు వస్తది" అని నవ్వాడు మామ.

"ఈసారి ఎంత పోతదట?" అని అడిగాను. ఎవరైనా ముందు అడిగేది అదే కదా! ఆయన దానికి జవాబు చెప్పలేదు.

"పోయేది పోనియ్. నేను వాళ్లనొక మాట అడిగిన. ఒక్కరూ చెప్పలే. నువ్వు పేపర్ల రాస్తవు గద, నువ్వన్న అడుగు" అన్నాడు.

ఆ మాటేమిటో చెప్పాలంటే ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు అది తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతటా రోడ్ల నంబర్లు మార్చినప్పుడు 65 అయింది. పేరుకు జాతీయ రహదారే గానీ పోను ఒక లారీ, రాను ఒక లారీ... అంతే దాని వెడల్పు. సెలవులకు వెళ్లినప్పుడు మా ఆటలన్నీ దాని అంచునే. ఊరివాళ్లకు అది రోడ్డని తోచేది కాదు, వాకిలి అనుకునేవాళ్లు. వడ్లు దాని మీదే ఎండబోసేవాళ్లు. కందికట్టె తెచ్చి అడ్డంగా పరిస్తే లారీల చక్రాలే నూర్చిపెట్టేవి. మామ పొలం రోడ్డుకు అవతలి వైపు. పొద్దున్నే కట్టు విప్పితే ఎడ్లు వాటంతటవే రోడ్డు దాటి పొలం గట్టెక్కి నిలబడేవి. 'రోడ్డు దాటడం' అనే మాట ఆ ఊళ్లో నేను వినలేదు. ఇంట్లోంచి వాకిట్లోకి రావడాన్ని దాటడం అంటామా?

అలాగని అదేదో బంగారుకాలం అనుకోకండి. అర్ధరాత్రి పెద్ద చప్పుడు, ఆ వెంటనే ఊరి కుక్కలన్నీ ఒక్కసారి మొరగడం, మగవాళ్లు లాంతర్లు, బ్యాటరీలైట్లు పట్టుకుని పరుగెత్తడం. ఇది నెలకోసారైనా ఉండేది. దాదాపు అన్నీ ఒకే రకం ప్రమాదాలు, ఎదురెదురుగా గుద్దుకోవడం.

అదెందుకో కాగితం మీద లెక్క వేసుకుంటే తెలుస్తుంది. మీ ముందు లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మీరు 80తో వెళ్తూ దాన్ని దాటాలి. లారీ వెనక నుంచి బయల్దేరి దాని ముందుకొచ్చి మళ్లీ మీ దారిలో పడాలంటే కనీసం ఆరు సెకన్లు కావాలి. ఆ ఆరు సెకన్లూ మీరున్నది ఎదుటివాడి దారిలో! ఆ సమయంలో మీ బండి 130 మీటర్లకు పైగా ముందుకు వెళ్తుంది. అంతే వేగంతో ఎదురొచ్చే బండి కూడా అంత దూరమూ దగ్గరికొస్తుంది. అంటే 270 మీటర్ల దాకా రోడ్డు ఖాళీగా ఉందని కచ్చితంగా తెలిస్తేనే ఆ పని చేయాలి. రాత్రిపూట ఎదుటి దీపాలు చూసి దూరం ఎంతో చెప్పగలవాడెవడు? మలుపులోనో, దిగుడులోనో ఉంటే సరేసరి. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటిన ప్రతిసారీ మనం చేసేది నడపడం కాదు, జూదం.

అందుకే రోడ్డు వెడల్పు చేయాలని ఊరివాళ్లే అడిగారు. ఒకసారి మూడు గంటలపాటు రోడ్డు మీద కూర్చుని ధర్నా చేశారు కూడా. అందులో మామ ముందువరసలో ఉన్నాడు. వరండా, వేపచెట్టు పోయాయని తర్వాత ఆయన ఎన్నడూ ఏడవలేదంటే కారణం అదే. ఆయన కోరి తెచ్చుకున్న రోడ్డది.

ఆ కోరికలో తప్పేం లేదు. వెడల్పు చేయాల్సిన రోడ్డును వెడల్పు చేయకపోతే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. పోలీసు అకాడమీ దగ్గరి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు లేన్లు చేయాలన్నది ఎప్పటి మాటో. ఆ దారి పొడవునా నిజాంకాలం నాటి మర్రిచెట్లు తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. వాటిని కొట్టొద్దని కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. వాదనల్లో ఏళ్లు గడిచాయి. 2025 అక్టోబర్ నెలాఖరున అడ్డంకి తొలగింది. రోజులు తిరక్కుండానే, నవంబర్ 3 పొద్దున, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఎదురుగా వచ్చి గుద్దింది. కంకరంతా బస్సులోకి ఒరిగిపోయింది. 19 మంది ప్రాణాలు పోయాయి.

ఆ సాయంత్రానికే 'చెట్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా' అని అందరూ నిలదీయడం మొదలైంది. నాకైతే ఆ ప్రశ్నే సరైంది కాదనిపించింది. ఆ పొద్దున బస్సును, టిప్పర్‌ను ఒకదాని దారిలోకి ఇంకొకటి రానివ్వకుండా ఆపేది మధ్యలో ఏదైనా ఉండుంటే చాలు. అది సిమెంటు గోడే కానక్కర్లేదు. పాత రోడ్డును ఒకవైపు పోయేవాళ్లకు ఉంచేసి, మర్రిచెట్ల వరసకు అవతల ఎదురొచ్చేవాళ్లకు కొత్త రోడ్డు వేస్తే ఆ మర్రిమానులే డివైడరు.

ఇది నా ఊహాగానం కాదు. స్వీడన్‌లో ఇలాంటి ఇరుకు రోడ్ల మీదే ఎదురెదురు ప్రమాదాలు ఎక్కువై, 1998 నుంచి ఒక చిన్న ఉపాయం చేశారు. 13 మీటర్ల వెడల్పున్న రోడ్లను అడుగు కూడా పెంచకుండా మూడు వరసలుగా గీతలు గీశారు. మధ్యలో ఉక్కుతాళ్ల కంచె కట్టారు. కొంతదూరం వీళ్లకు రెండు వరసలు, వాళ్లకు ఒకటి. ఆ తర్వాత కొంతదూరం వాళ్లకు రెండు, వీళ్లకు ఒకటి. ముందున్న లారీని దాటాలనుకున్నవాడు తన వంతు వచ్చేదాకా ఆగి, తన దారిలోనే దాటతాడు. అలాంటి రోడ్ల మీద మరణాలు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గాయి. అంటే ఎదురెదురు ప్రమాదాల్లో ప్రాణం కాపాడేది వెడల్పు ఒక్కటే కాదు, ఎడం. పోయేవాడికీ వచ్చేవాడికీ మధ్య ఎడం.

సరే, మామ ఊరికి వద్దాం.

2012 చివరికి నాలుగు లేన్ల రోడ్డు సిద్ధమైంది. దాని మేలు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. 2014లో మా అత్తమ్మకు రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. రెండు గంటల్లో హైదరాబాద్ ఆసుపత్రిలో ఉంది. పాత రోడ్డయితే మధ్యలో ఏ రైల్వేగేటూ లేకపోయినా నాలుగు గంటలు పట్టేది. "అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం" అన్నాడు డాక్టరు. ఇప్పటికీ అత్తమ్మ ఆ రోడ్డు మీద బస్సెక్కేటప్పుడు, గుడి మెట్టును మొక్కినట్టు, కిందికి వంగి చేత్తో తాకి కళ్లకద్దుకుంటుంది. అర్ధరాత్రి చప్పుళ్లు కూడా తగ్గాయి. ఎదురెదురుగా గుద్దుకోవడం దాదాపు పోయింది. ఊరు ధర్నా చేసి అడిగింది ఊరికి దక్కింది.

అడగనిది కూడా ఒకటి వచ్చింది. ఊరికీ పొలాలకూ మధ్య డివైడరు.

ఊరు ఒకవైపు. పొలాలు, హైస్కూలు, రేషన్ దుకాణం ఇంకోవైపు. బండి మీద అటు వెళ్లాలంటే రెండు కిలోమీటర్లు పోయి యూటర్న్ తీసుకుని మళ్లీ రెండు కిలోమీటర్లు రావాలి. నాగలి భుజాన వేసుకున్నవాడు, గడ్డిమోపు నెత్తినెత్తుకున్న మనిషి, బర్రెను తోలుకుపోయే పిల్లాడు నాలుగు కిలోమీటర్లు తిరిగి వెళ్తారా? వెళ్లరు. ఏం చేశారో మీరూ ఊహించే ఉంటారు. ఒక రాత్రి డివైడరు రాళ్లు రెండు పక్కకు జరిగాయి. రోడ్డువాళ్లు వచ్చి మూసేశారు. వారం తిరక్కుండా మళ్లీ జరిగాయి. మళ్లీ మూశారు. ఈ ఆట ఏడాదిపాటు నడిచింది. ఆఖరికి రోడ్డువాళ్లే విసిగి వదిలేశారు. యూటర్న్ దాకా పోలేని మోటార్‌సైకిళ్లన్నీ రోడ్డు అంచున రాంగ్‌రూట్లో రావడం అలవాటు చేసుకున్నాయి. 'పల్లెటూరోళ్లకు రూల్స్ తెలియవు' అని కార్లలో పోయేవాళ్లు విసుక్కుంటారు. నేనూ ఒకప్పుడు విసుక్కున్నవాణ్నే.

2017 వేసవిలో ఒక తెల్లవారుజామున మామ పాలక్యాను మోపెడ్‌కు తగిలించుకుని ఆ సందులోంచి దాటుతున్నాడు. హైదరాబాద్ వైపు నుంచి కారు వచ్చింది. తొడ ఎముక రెండు ముక్కలు. ఇప్పటికీ లోపల రాడ్డు ఉంది, కుంటుతూనే నడుస్తాడు. కారు నడిపిన కుర్రాడు పారిపోలేదు. తనే ఎత్తుకుని సూర్యాపేట తీసుకెళ్లాడు, ఆపరేషను అయ్యేదాకా ఆసుపత్రి వరండాలోనే కూర్చున్నాడు. మామకు అతని మీద కోపం లేదు.

"కారు నాకు కనబడ్డది అల్లుడా. శానా దూరముందనుకున్న" అంటాడు.

దీనికీ ఒక లెక్క ఉంది. నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. అంటే సెకనుకు 28 మీటర్లు. డివైడరు నుంచి అంచుదాకా ఒకవైపు రోడ్డు, పక్క తారుతో కలిపి, తొమ్మిది మీటర్లనుకోండి. అరవై దాటిన మనిషి సెకనుకు మీటరు నడుస్తాడు. తొమ్మిది సెకన్లు. ఆలోగా కారు 250 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి పావు కిలోమీటరు అవతల, మసకచీకట్లో, రెండు దీపాలుగా మాత్రమే కనబడే దాని వేగం ఎంతో మా మామ లెక్కగట్టాలి. ఇంతకుముందు చెప్పిన లారీ దాటే లెక్క గుర్తుందా? 270 మీటర్లు! అప్పుడు ఆ జూదం బండి నడిపేవాడిది. వెడల్పు చేశాక అదే జూదం నడిచిపోయేవాడి చేతికొచ్చింది. అతనికి చుట్టూ ఇనుపరేకు కూడా లేదు.

మా మామ అదృష్టవంతుడు. అదృష్టం లేని ఊరొకటి బెంగళూరు రోడ్డు మీద ఉంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో పెద్దకుంట అనే గిరిజన తండా. 35 ఇళ్లు. 2006 ప్రాంతంలో దాని పక్కనుంచి బైపాస్ రోడ్డు వేశారు. పింఛనుకు వెళ్లాలన్నా, కూలికి వెళ్లాలన్నా ఆ రోడ్డు దాటాల్సిందే. పదేళ్లు తిరిగేసరికి ఆ తండా మగవాళ్లలో చాలామంది ఆ రోడ్డు మీదే పోయారు. 2015లో అది 'హైవే వితంతువుల ఊరు'గా దేశమంతా పత్రికలకెక్కింది. మగదిక్కున్న ఇంటికోసం వెతుక్కోవాల్సి వచ్చిందని రాశారు అప్పట్లో వెళ్లినవాళ్లు. ఆ రోడ్డు మీద ప్రయాణం మాత్రం సుఖంగా, వేగంగా సాగుతుంది. నేనూ చాలాసార్లు వెళ్లాను. ఆ తండా ఎటువైపుందో ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు.

2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 61,038 మంది పోయింది జాతీయ రహదారుల మీద. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. మరణాల్లో వాటి వాటా 36 శాతం. ఆ ఏడాది అన్ని రోడ్ల మీదా కలిపి నడిచి వెళ్తూ చనిపోయినవాళ్లే 32,825 మంది. వీళ్లలో టోలు కట్టినవాళ్లెవరూ ఉండరు. రోడ్డెక్కింది ప్రయాణం కోసం కాదు. అవతలి వైపుకి వెళ్లాలి, అంతే.

రోడ్డు బాగుచేసేవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. 'బ్లాక్ స్పాట్' అనే మాట మీరు వినే ఉంటారు. దానికో లెక్క ఉంది. జాతీయ రహదారి మీద అర కిలోమీటరు మేర, మూడేళ్లలో, మరణాలో తీవ్రగాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మంది చనిపోతే, ఆ చోటు బ్లాక్ స్పాట్. అప్పుడు అక్కడ అండర్‌పాసో, వంతెనో కట్టే ఆలోచన మొదలవుతుంది. మామ వాళ్ల రోడ్డు మీదే ఇలాంటివి 17 గుర్తించి పనులు చేపట్టారు. మంచిదే, కాదనను. కానీ ఆ లెక్కను తిరగేసి చదివి చూడండి. ఒక ఊరు తన పొలానికి తాను క్షేమంగా వెళ్లే దారి సంపాదించాలంటే ముందు శవాల సంఖ్య చూపించాలి. మామ ఊళ్లో ఒక ముసలాయన ఈ మాటే మోటుగా అన్నాడు. "మనూళ్లె ఇంక సరిపోను సావలేదంట."

రోడ్డు గీసేటప్పుడే, కాగితం మీద ఉన్నప్పుడే, ఆ దారి పెట్టడం తేలిక. రోడ్డు ఎత్తు పెంచాలా వద్దా అన్నది అప్పుడే తేలుతుంది. వేసిన రోడ్డును తవ్వి కింద దారి చేయడం ఖర్చు, జాప్యం, మధ్యలో మరికొన్ని ప్రాణాలు. మరి కాగితం మీద ఉన్నప్పుడు మనమేం చేస్తున్నాం? జాతీయ రహదారుల చట్టం కింద భూసేకరణ ప్రకటన వెలువడ్డాక అభ్యంతరాలు చెప్పుకోవడానికి 21 రోజులు గడువిస్తారు. ఆ 21 రోజులూ ఊరంతా మాట్లాడుకునేది గజం రేటు గురించే. మొదటిసారి మామ వాళ్ల ఊళ్లోనూ అంతే. రాతకోతలు తెలిసిన నేనూ నష్టపరిహారం అర్జీలే రాసిపెట్టాను. 'అవతలి వైపుకి ఎలా వెళ్తాం' అని ఒక్క అర్జీలోనూ రాయలేదు. ఎవరికీ తోచలేదు. ఎన్నడూ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న కదా అది!

ఈసారి మామకు తోచింది. కొలతలవాళ్లను ఆయన అడిగిన మాట అదే.

"సార్, ఇటు పొడుగు కొలిచిన్రు, రోడ్డు ఎంత వెడల్పు కావాల్నో అదీ కొలిచిన్రు. మా ఊరోళ్లు దినానికి ఎంతమంది ఇటుకెల్లి అటు పోతరో ఎవరన్న కొలిచిన్రా?"

పాపం, వాళ్లు గోడలు కొలవడానికి వచ్చిన కుర్రాళ్లు. "అది మా పని కాదు తాతా" అన్నారట. నిజమే, వాళ్ల పని కాదు. రోజుకు ఎన్ని కార్లు, ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు పోతున్నాయో టోలుగేటు దగ్గర లెక్క ఉంటుంది. ఎన్ని లేన్లు కావాలో ఆ లెక్కను బట్టే తేలుస్తారు. అడ్డంగా దాటే ఎడ్లకు, బడిపిల్లలకు, గడ్డిమోపులకు ఏ గేటూ లేదు. కాబట్టి వాళ్ల లెక్కా లేదు.

లెక్క లేకపోతే మనమే రాసిద్దాం అన్నాడు మామ. పోయిన ఆదివారం నన్ను ఊరికి రప్పించాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో గడ్డి నింపిన ట్రాలీ నిలబెట్టి ఉంది. పక్కన ఇద్దరు కుర్రాళ్లు పొడుగు వెదురుబొంగు పట్టుకుని నిలబడ్డారు. మామ కుర్చీలో కూర్చుని, కర్రతో చూపిస్తూ కొలిపిస్తున్నాడు. పక్క మండలంలో అండర్‌పాస్ కట్టారుగానీ అందులో గడ్డిట్రాలీ పట్టదట. వానొస్తే మోకాలిలోతు నీళ్లట. అందుకని అక్కడివాళ్లు మళ్లీ పైనుంచే దాటుతున్నారు. మామ ఆ సంగతి పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చాడు.

"రాయి అల్లుడా" అన్నాడు. "గడ్డి నింపిన ట్రాలీ ఎత్తు పదమూడు అడుగులు. బడికి పోయే పిల్లలు నూటపన్నెండు మంది. దినాం దాటే బర్రెలు, ఎడ్లు కలిపి అరవై నాలుగు. నీళ్లు నిలువకుండ కాలువ పెట్టాలె. లోపల లైటు గావాలె."

"పరిహారం సంగతి?" అన్నాను.

"అది వేరే కాగితం మీద రాస్తం తియ్. రెండూ ఒకదాంట్ల పెడితే సార్లు అదొక్కటే సదువుతరు."

రాసి ఇచ్చాను. ఊళ్లో మూడు వందల సంతకాలు, వేలిముద్రలు అయ్యాయి. ఏమవుతుందో చూడాలి.

ఇది చదువుతున్నవాళ్లలో రోడ్డు పక్క ఊళ్లవాళ్లు చాలామందే ఉంటారు. ఉద్యోగాలకు వచ్చి పట్నంలో ఉంటున్నా అమ్మానాన్నలు అక్కడే ఉన్నవాళ్లూ ఉంటారు. మీ గోడ మీద ఎర్రగీత పడితే గజం రేటు అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకో కాగితం తీసుకుని, మీ ఊరు రోజూ ఎటు పోతుందో, ఎంతమంది, ఏమేం తీసుకుని పోతుందో కూడా రాసి ఇవ్వండి. గడువు 21 రోజులే.